కార్జం ముక్కలో ఆర్ఎన్ఏ ఎక్కడ పోతోంది: గొర్రెల నమూనాలు తీయడం, గడ్డకట్టించడం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. నెల్లూరు జాతి గొర్రెల మీద పీహెచ్‌డీ చేస్తున్నారు. కబేళాలో కార్జం (కాలేయం), తిల్లి (ప్లీహం), లింఫ్ గ్రంథి తీసుకుని పాలిథిన్ కవర్లలో వేశారు. ఐస్ బాక్సులో పెట్టుకుని మూడు గంటలు ప్రయాణం చేసి, తిరుపతి ల్యాబ్‌లో మైనస్ 80 ఫ్రీజర్‌లో పెట్టారు. నెల తర్వాత బయటికి తీసి, కత్తి దిగేంత మెత్తబడ్డాక కోసి ఆర్ఎన్ఏ (ఏ జన్యువులు పనిచేస్తున్నాయో చెప్పే అణువు) తీస్తే రిన్ విలువ, అంటే ఆర్ఎన్ఏ ఎంత చెక్కుచెదరకుండా ఉందో పదికి వేసే మార్కు, 3, 4 దాటడం లేదు. వచ్చే నెల నుంచి పల్లెల్లో మందల దగ్గర రక్తం కూడా తీయాలి. "మైనస్ 80లోనే పెట్టాను కదా, ఎందుకు పోయింది?" అని అడిగారు.

ఫ్రీజర్ చేసే పని ఒకటే. లోపలికి వెళ్లేటప్పుడు నమూనా ఏ స్థితిలో ఉందో ఆ స్థితిలో ఆపుతుంది. అంతకు ముందు పోయినదాన్ని తిరిగి ఇవ్వలేదు, బయటికి తీశాక జరిగేదాన్ని ఆపలేదు. మీరు చెప్పిన వరసలో ఆర్ఎన్ఏ పోయే చోట్లు మూడు ఉన్నాయి. గొర్రెను కోసినప్పటి నుంచి ఐస్ తగిలేదాకా పట్టిన సమయం ఒకటి. పెద్ద ముక్క మైనస్ 80లో నెమ్మదిగా గడ్డకట్టడం రెండోది. గడ్డకట్టిన ముక్కను మెత్తబరచి కోయడం మూడోది. అందరూ ప్రయాణాన్నే అనుమానిస్తారు. నా అనుమానం మాత్రం మూడోదాని మీద ఎక్కువ.

కారణం చెబుతాను. బతికున్న కణంలో ఆర్ఎన్ఏను కోసే ఎంజైములు వేరే అరల్లో ఉంటాయి, ఆర్ఎన్ఏ వేరే చోట ఉంటుంది. కణజాలం నెమ్మదిగా గడ్డకట్టినప్పుడు మంచు స్ఫటికాలు పెరిగి ఆ అరల గోడలను చీల్చేస్తాయి. గడ్డగా ఉన్నంతసేపు ఎంజైములు కదలలేవు కాబట్టి నష్టం బయటపడదు. ముక్క మెత్తబడిన క్షణం నుంచి చీలిన అరల్లోని ఎంజైములన్నీ ఆర్ఎన్ఏ మీద పడతాయి. తాజా కార్జం ఐస్ మీద గంటసేపు ఉన్నా కొంత తట్టుకుంటుంది. గడ్డకట్టి కరిగిన కార్జం నిమిషాల్లో పాడవుతుంది. తిల్లిలో ఈ ఎంజైములు ఇంకా ఎక్కువ. క్లోమం సంగతి చెప్పనే అక్కర్లేదు, అది తనను తానే జీర్ణం చేసుకుంటుంది. అందుకే ఒకే గొర్రె నుంచి ఐదు అవయవాలు తీయాల్సి వస్తే క్లోమం, పేగు ముందు, తర్వాత తిల్లి, ఆ తర్వాత కార్జం, చివర కండ తీయండి.

కత్తి పట్టే ముందే తేల్చుకోవాల్సింది ఒకటుంది: ఈ ముక్కను రేపు ఏం అడగబోతున్నారు? డీఎన్ఏ కోసమైతే అది గట్టి అణువు. 95 శాతం ఇథనాల్‌లో చెవి ముక్క వేసినా చాలు, ఎఫ్‌టీఏ కార్డు (డీఎన్ఏను పట్టి ఉంచే కాగితం) మీద రక్తపు చుక్క ఆరబెట్టినా చాలు, ఫ్రీజర్ అవసరమే ఉండదు. ఆర్ఎన్ఏ కోసమైతే ప్రతి నిమిషమూ లెక్కలోకి వస్తుంది. కణజాల నిర్మాణాన్ని మామూలు ఫార్మలిన్ పద్ధతిలో మైక్రోస్కోపులో చూడాలంటే ఆ ముక్కను అసలు గడ్డకట్టించకూడదు. 5 మిల్లీమీటర్ల మందం మించకుండా కోసి, ముక్కకు పదింతల పరిమాణంలో 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్‌లో వేసి గది ఉష్ణోగ్రతలోనే ఉంచాలి. ఫార్మలిన్ సీసాను జాగ్రత్త కోసం మైనస్ 20లో పెట్టేవాళ్లను చూస్తూనే ఉంటాను. స్లైడు మీద కణాల మధ్య ఖాళీలు తప్ప వాళ్లకు ఏమీ మిగలదు. కణాలు బతికి ఉండాలంటే అది పూర్తిగా వేరే దారి, దాని గురించి కింద రాశాను. అన్ని అవసరాలకూ ఒకే ముక్క పనికిరాదు. ఒకే గొర్రె నుంచి ఒక్కో అవసరానికి ఒక్కో ముక్క, ఒక్కో సీసా.

ఆర్ఎన్ఏకు మీ ముందు రెండు దారులున్నాయి. మొదటిది ఆర్ఎన్ఏలేటర్ లాంటి ద్రావణం. ఇందులో అమ్మోనియం సల్ఫేట్ గాఢత చాలా ఎక్కువ, అది ఎంజైములను పనిచేయనివ్వదు. ముక్క మందం ఒక వైపునైనా 5 మిల్లీమీటర్లలోపు ఉండాలి, ద్రావణం ముక్కకు కనీసం ఐదింతలు ఉండాలి. వేసిన వెంటనే మైనస్ 80లో పెట్టేయకండి. ఒక రాత్రి 4 డిగ్రీల దగ్గర ఉంచితే ద్రావణం లోపలిదాకా ఇంకుతుంది, ఆ తర్వాతే గడ్డకట్టించాలి. చాలామంది ఈ ఒక్క రాత్రినీ మింగేసి, ద్రావణం పనిచేయలేదని అంటారు. కబేళా నుంచి మూడు గంటల ప్రయాణానికి ఇదే మీకు సులువైన దారి అని నా అభిప్రాయం. కొనలేకపోతే ల్యాబ్‌లోనే అమ్మోనియం సల్ఫేట్, సోడియం సిట్రేట్, ఈడీటీఏలతో కలిపి పీహెచ్ 5.2కు తెచ్చి తయారుచేసుకోవచ్చు. ఖర్చు చాలా తగ్గుతుంది.

రెండోది ద్రవ నత్రజని, అంటే ఎల్ఎన్. అక్కడికక్కడే మైనస్ 196 డిగ్రీలు. జిల్లాల్లో డ్రై ఐస్ కంటే ఎల్ఎన్ దొరకడమే తేలిక. పశుగణాభివృద్ధి సంస్థలు కృత్రిమ గర్భధారణ కేంద్రాలకు దాన్ని క్రమం తప్పకుండా సరఫరా చేస్తాయి, పల్లెల్లో గోపాలమిత్రల చేతుల్లోని చిన్న క్యాన్లు నిండేది దానితోనే. మీ గైడు లేఖ పట్టుకుని జిల్లా కార్యాలయంలో అడగండి. ఒక్క షరతు మాత్రం నా తరఫున. వీర్యం స్ట్రాలున్న క్యాన్‌లో మీ కణజాలం ముక్కలు పెట్టకండి, ఎంత ఖాళీ ఉన్నా సరే, ఎవరు ఒప్పుకున్నా సరే. ఎల్ఎన్‌లో సూక్ష్మజీవులు చావవు, భద్రంగా ఉంటాయి. రోగమున్న గొర్రె ముక్క నుంచి ఒక వైరస్ ఆ ద్రవంలో కలిస్తే ఆ స్ట్రా ఏ రైతు పాకలో తెరుచుకుంటుందో ఎవరికీ తెలియదు. మీ క్యాన్ మీకు వేరుగా ఉండాలి.

ఎల్ఎన్‌లో వేసే ముక్క శనగగింజంత ఉండాలి, అంతకంటే పెద్దది వద్దు. ముక్కను నేరుగా ద్రవంలో పడేస్తే దాని చుట్టూ ఆవిరి పొర ఏర్పడి చలి లోపలికి దిగనివ్వదు. ఆర్ఎన్ఏ పనికి ఆ కాస్త ఆలస్యం వల్ల నష్టం లేదు. కానీ క్రయోస్టాట్‌లో (గడ్డకట్టిన కణజాలాన్ని కోసే యంత్రం) పలచటి సెక్షన్లు కోయాలంటే మాత్రం ఎల్ఎన్‌లో చల్లబరిచిన ఐసోపెంటేన్‌లో ముంచండి, దానికి ఆ ఆవిరి పొర ఉండదు. ప్రతి ముక్కనూ అల్యూమినియం ఫాయిల్‌లో చుట్టి, పేరు రాసి, క్యానిస్టర్‌లో వేయండి. ఒక గొర్రె కార్జం నుంచి ఒక పెద్ద ముక్క వద్దు, ఐదారు చిన్నవి తీయండి. రేపు ఒక్కటే తీసి వాడుకుంటారు, మిగతావి కదలవు. మీరు మెత్తబరచి కోయాల్సి వచ్చింది ముక్క పెద్దది కాబట్టే కదా.

కార్జం తీసేటప్పుడు చేదుకట్టు పగలకుండా చూడండి. పైత్యరసం అంటిన చోట ఆర్ఎన్ఏ తీయడం కష్టం. అంచుకు దూరంగా, ప్రతి గొర్రెలోనూ ఒకే తమ్మె నుంచి తీయండి. ముక్కను పీబీఎస్ అనే ఉప్పు బఫర్ ద్రావణంలో ఒకసారి ముంచి రక్తం పోగొట్టి వెంటనే వేసేయాలి, కడుగుతూ కూర్చోకూడదు.

కబేళాలో అసలు ఇబ్బంది సైన్సులో ఉండదు, మనుషులతో ఉంటుంది. అక్కడ పనిచేసేవాళ్లకు తెల్లవారుజామున ఊపిరి సలపదు. ముందురోజే వెళ్లి మాట్లాడి, మీకు ఏది, ఎంత, ఏ క్షణంలో కావాలో చూపించి రండి. "అన్నా, పొట్ట చీల్చగానే తిల్లి నా చేతికివ్వు, తర్వాత నీ పని నువ్వు చూసుకో" అంటే ఇస్తారు. అన్నీ అయ్యాక అడిగితే గంట పాత ముక్క ఇస్తారు, అందులో వాళ్ల తప్పేమీ లేదు. ఇంకో సంగతి, దీన్ని చాలా థీసిస్‌లలో పట్టించుకోరు: రోగమున్న గొర్రెలన్నీ ఒక రోజు, ఆరోగ్యంగా ఉన్నవన్నీ ఇంకో రోజు తీయకండి. మొదటి గుంపుకు పది నిమిషాలు, రెండో గుంపుకు నలభై నిమిషాలు ఆలస్యమైతే మీకు కనిపించే తేడా రోగానిదో ఆలస్యానిదో ఏ స్టాటిస్టిక్సూ విడదీయలేవు. చావు తర్వాత కూడా కణాలు కాసేపు జన్యువులను పైకీ కిందికీ తిప్పుతూనే ఉంటాయి. రెండు గుంపులనూ కలిపి, ఒకే రోజు, ఒకే మనిషి చేత, ఒకే వరసలో తీయించండి. గొర్రెను కోసిన సమయం, ముక్క ద్రావణంలో పడిన సమయం రెండూ రాయండి.

ఇక రక్తం. మెడ సిర నుంచి తీస్తారు కదా, గొర్రెకు 20 గేజ్ సూది సరిపోతుంది, గేదెకైతే 18. ముప్పై కిలోల గొర్రెలో రెండు లీటర్లకు అటూఇటూగా రక్తం ఉంటుంది, 10 మిల్లీలీటర్లు తీస్తే దానికి ఏమీ కాదు. ఆ మాట కాపరికి ముందే చెప్పండి, వాళ్ల టెన్షన్ సగం తగ్గుతుంది. ఊదా మూత ఈడీటీఏ ట్యూబు డీఎన్ఏకూ రక్తకణాల లెక్కకూ. ఆకుపచ్చ మూత హెపారిన్ ట్యూబును పీసీఆర్‌కు (డీఎన్ఏ నకళ్లు పెంచే చర్యకు) వాడకండి, హెపారిన్ ఆ చర్యను అడ్డుకుంటుంది. ఈడీటీఏ ట్యూబును గీత వరకూ నింపి, నెమ్మదిగా ఎనిమిది పదిసార్లు తలకిందులు చేయండి. గిలకొడితే ఎర్రకణాలు పగులుతాయి.

రక్తంలో ఆర్ఎన్ఏ కావాలంటే ఈడీటీఏ రక్తాన్ని అలాగే ఫ్రీజర్‌లో పెట్టడం దండగ. కార్జం గురించి చెప్పిందే ఇక్కడా జరుగుతుంది, కరిగేటప్పుడు అంతా పోతుంది. పొలం గట్టునే 0.25 మిల్లీలీటర్ల రక్తానికి 0.75 మిల్లీలీటర్ల ట్రైజాల్ ఎల్ఎస్ (ఎంజైములను ఆపి ఆర్ఎన్ఏను కాపాడే ద్రావణం) కలిపేయండి, తర్వాత గడ్డకట్టించినా భయం లేదు. ట్రైజాల్‌లో ఫినాల్ ఉంటుంది, చర్మం మీద పడితే కాలుతుంది. గ్లోవ్స్, కళ్లద్దాలు లేకుండా దాని మూత తీయవద్దు, చుట్టూ మూగే పిల్లలను దూరంగా పంపండి.

సీరం విషయంలో తొందర పనికిరాదు. ఎర్ర మూత ట్యూబు తీసిన వెంటనే ఐస్‌లో పెడితే గడ్డ సరిగా కట్టదు, కట్టకముందే బైకు మీద ఊపుకుంటూ తెస్తే సీరం ఎర్రగా వస్తుంది. నీడలో నిలబెట్టి, గడ్డ కట్టి సీరం విడిపోయే దాకా ఓ గంట ఆగండి. తర్వాత చల్లని బాక్సులో పెట్టి, అదే రోజు సెంట్రిఫ్యూజ్‌లో 1,500 నుంచి 2,000 జి దగ్గర పది నిమిషాలు తిప్పి, సీరం వేరుచేసి, అప్పుడు గడ్డకట్టించండి. గడ్డతో పాటు సీరాన్ని ఎన్నడూ ఫ్రీజర్‌లో పెట్టకూడదు. ఎర్రబారిన సీరంలో పొటాషియం, ఎల్‌డీహెచ్, ఏఎస్‌టీ ఎంజైముల విలువలు అబద్ధం చెబుతాయి. అరమిల్లీలీటరు చొప్పున చిన్న వయల్స్‌లో పంచండి, ఒక్కో పరీక్షకు ఒక్కటి కరిగించుకోవచ్చు. యాంటీబాడీల పరీక్షకే అయితే మైనస్ 20 చాలు. కానీ మామూలు ఇంటి ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌ను నమ్ముకోకండి. మంచు పేరుకోకుండా ఉండటానికి అది రోజూ తనంతట తాను కాస్త వేడెక్కుతుంది, మీ నమూనాలూ దాంతో పాటు వేడెక్కుతాయి.

పల్లెల్లో తిరిగేటప్పుడు ఈ ఒక్కటి తప్పకుండా గుర్తుపెట్టుకోండి. నిన్న బాగున్న గొర్రె ఈ ఉదయం ఉన్నట్టుండి చచ్చిపడి ఉండి, ముక్కు నుంచో మలద్వారం నుంచో గడ్డకట్టని నల్లటి రక్తం కారుతుంటే దాన్ని కోయవద్దు. అది దొమ్మ రోగం (ఆంత్రాక్స్) కావచ్చు. మన రెండు రాష్ట్రాల్లో గొర్రెల మందల్లో అది అప్పుడప్పుడు వస్తూనే ఉంది. పొట్ట చీల్చితే లోపలి బ్యాక్టీరియా గాలి తగిలి బీజాలుగా మారుతుంది, ఆ నేలలో దశాబ్దాలు బతుకుతుంది. పశువైద్యాధికారికి ఫోన్ చేయండి, వాళ్లు చెవి సిర నుంచి స్మియర్ తీస్తారు. పాపం కాపరికి ఆ మాంసం పోతుందన్న బాధ ఉంటుంది, అయినా ఎవరూ తినకుండా, తోలు తీయకుండా ఆపాల్సిన బాధ్యత అక్కడున్న చదువుకున్న మనిషిదే. ఈసుకుపోయిన (గర్భం పోయిన) గొర్రె మాయ, పిండం ముట్టుకునేటప్పుడూ అంతే జాగ్రత్త. వాటిలో ఉండగల బ్రూసెల్లా అనే బ్యాక్టీరియా మనిషికి సోకితే నెలల తరబడి జ్వరం వదలదు.

కణాలు బతికి ఉండాలంటే సూత్రం తిరగబడుతుంది. ఆర్ఎన్ఏకు వేగం మంచిది, కణానికి నిదానం మంచిది. మామూలుగా నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున చల్లబరుస్తారు, కణంలోని నీరు బయటికి వెళ్లడానికి సమయం దొరికి, లోపల మంచు ఏర్పడదు. దానికి తోడు మంచు నుంచి కణాన్ని కాపాడే 10 శాతం డీఎంఎస్ఓ గానీ గ్లిసరాల్ గానీ కావాలి. గ్లిసరాల్ సంగతి 1949లో లండన్‌లో పోల్జ్, స్మిత్, పార్క్స్ కోడి వీర్యం మీద పనిచేస్తూ కనిపెట్టారు. చక్కెర ద్రావణం అనుకున్న సీసాలో నిజానికి గ్లిసరాల్ ఉంది, లేబుళ్లు తారుమారయ్యాయి. ఎందుకు పనిచేసిందా అని వాళ్లు మిగిలిన ద్రావణాన్ని పరీక్షకు పంపబట్టి తెలిసింది. ఈరోజు మన ఊళ్లలో ముర్రా, ఒంగోలు స్ట్రాలు ఉన్నాయంటే మూలం అక్కడుంది. ఇలా గడ్డకట్టించిన కణాలను ఎప్పటికీ మైనస్ 80లో వదిలేయకండి, నెలల్లో చచ్చిపోతాయి. ఒకటి రెండు రోజుల్లో ఎల్ఎన్ ట్యాంకులోకి మార్చాలి. సుమారు మైనస్ 135 కంటే కింద నీరు గాజులా బిగుసుకుంటుంది, అక్కడ కాలం దాదాపు ఆగిపోయినట్టే. అమెరికాలో విల్లా అనే నల్లకాళ్ల ఫెరెట్ కణాలను 1988లో దాచారు. వాటి నుంచి 2020 డిసెంబరులో విల్లా క్లోన్, ఎలిజబెత్ ఆన్ పుట్టింది. ముప్పై రెండేళ్ల తర్వాత ఎవరో వయల్ తీసి అదేమిటో చదవగలిగారు, నాకు అందులో నచ్చింది అదే.

చదవగలగడం అంటే లేబుల్. మామూలు స్టిక్కర్ మైనస్ 80లో ఊడిపోతుంది, మామూలు మార్కర్ సిరా ఇథనాల్ తగిలితే చెరిగిపోతుంది. క్రయో లేబుళ్లు కొనండి, వయల్ పక్కన, మూత మీద రెండు చోట్లా రాయండి. జంతువు నంబరు, అవయవం, ఎన్నో ముక్క, తేదీ ఉంటే చాలు. మిగతాది పుస్తకంలో రాసుకోండి: నెల్లూరు జాతిలోని పల్ల, జోడిపి, దొర రకాల్లో ఏది, ఎన్ని పళ్లు, ఆడదా మగదా, చూలుదా, మందు ఎప్పుడు తాగించారు, ఏ ఊరి మంద. పెట్టె ఏ అరలో, ఏ గడిలో ఉందో కూడా. అది రాయకపోతే ఒక్క వయల్ కోసం ఫ్రీజర్ తలుపు పది నిమిషాలు తెరిచి ఉంచుతారు, చుట్టూ ఉన్న అందరి నమూనాలూ నష్టపోతాయి.

ఎల్ఎన్ గురించి రెండు ప్రాణాపాయాలు. ఒక లీటరు ద్రవం సుమారు 700 లీటర్ల వాయువవుతుంది. మూసిన కారులో, లిఫ్టులో దానితో కలిసి ప్రయాణించవద్దు. ఆక్సిజన్ తగ్గుతున్నట్టు శరీరానికి తెలియదు, స్పృహే ముందు పోతుంది. క్యాన్ మూత బిగించి సీలు వేయకూడదు, వదులుగానే ఉండాలి. రెండోది వయల్స్. ద్రవంలో మునిగిన వయల్‌లోకి ఎల్ఎన్ కారి, బయటికి తీయగానే పేలుతుంది. ఆవిరి భాగంలో నిలవచేయండి, తీసేటప్పుడు ముఖానికి షీల్డు తప్పనిసరి.

అనుమతుల గురించి క్లుప్తంగా. బతికున్న గొర్రెల రక్తానికి మీ సంస్థ జంతు నైతిక కమిటీ ఆమోదం ముందే ఉండాలి. కబేళా ముక్కలకు కూడా కమిటీకి రాతపూర్వకంగా తెలియజేయండి, జర్నల్ అడిగినప్పుడు కాగితం ఉంటుంది. నమూనాలు విదేశీ ల్యాబ్‌కు పంపాలనుకుంటే 2002 జీవవైవిధ్య చట్టం అడ్డొస్తుంది, ముందే గైడుతో మాట్లాడండి. అడవి జంతువులదైతే రాలిన వెంట్రుకైనా అటవీ శాఖ అనుమతి లేకుండా ముట్టుకోవద్దు. ఆ దారిలో ఆసక్తి ఉంటే హైదరాబాద్‌లో సీసీఎంబీ వారి లాకోన్స్‌ను సంప్రదించండి, వన్యప్రాణుల కణాలు, వీర్యం గడ్డకట్టించి దాచే అనుభవం వాళ్లకుంది.

చివరిగా, ఫ్రీజర్‌లో ఇప్పటికే ఉన్న మీ ముక్కలు. పారేయకండి. ఇంకా కరిగించనివాటికి అవకాశం ఉంది. ఆర్ఎన్ఏలేటర్ ఐస్ అనే వేరే ద్రావణం దొరుకుతుంది. దాన్ని ముందే మైనస్ 80లో చల్లబరిచి, గడ్డగా ఉన్న ముక్కను అందులో వేసి, మైనస్ 20లో ఒక పూర్తి రాత్రి ఉంచితే మెత్తబడుతుంది, ఆర్ఎన్ఏ మాత్రం పోదు. అది లేకపోతే రోలు, పొత్రం ఎల్ఎన్‌తో చల్లబరిచి, ముక్కను కరగనివ్వకుండా అందులోనే పొడిచేసి, పొడిని నేరుగా ట్రైజాల్‌లో వేయండి. ఒకసారి మెత్తబడ్డ ముక్కలను డీఎన్ఏకు వాడుకోండి, దానికి ఢోకా లేదు. రిన్ 4 ఉన్న ఆర్ఎన్ఏతో కూడా వంద బేస్‌ల లోపు చిన్న ఆంప్లికాన్లు (నకలు తీసే ముక్కలు) పెట్టుకుని క్యూపీసీఆర్ (జన్యువు ఎంత పనిచేస్తోందో కొలిచే పరీక్ష) చేయొచ్చు, రెండు గుంపుల్లోనూ రిన్ ఒకేలా ఉంటేనే. సీక్వెన్సింగ్‌కు మాత్రం 7 పైన ఉన్నవే పంపండి.

కొత్తగా సేకరణ మొదలుపెట్టే ముందు ఒక్క గొర్రె కార్జం, తిల్లి తీసుకుని కొన్ని ముక్కలు వెంటనే ద్రావణంలో, కొన్ని అరగంట ఐస్ మీద ఉంచాక, కొన్ని మూడు గంటలకు వేసి రిన్ చూడండి. ఇంకో ముక్కను గడ్డకట్టించి, బెంచీ మీద మెత్తబరచి కూడా చూడండి, నా అనుమానం నిజమో కాదో తేలుతుంది. ఆ విలువలు, ఏ అవయవానికి ఎంత వచ్చిందో ఇక్కడ రాయండి, చూసి తర్వాతి మార్పు సేకరణలో చేయాలా, ఆర్ఎన్ఏ తీసే పద్ధతిలో చేయాలా చెబుతాను.